ఇల్లు విండ్సర్‌లో, పని డెట్రాయిట్‌లో: కెనడా పౌరసత్వానికి రోజులు లెక్క వేసుకోవడం ఎలా?

మొన్న సంక్రాంతికి విశాఖ వచ్చినప్పుడు సీతమ్మధారలో మా అక్క వాళ్ళింట్లో భోజనాలయ్యాక మా మేనల్లుడు ఫోన్ తీసి, "మావయ్యా, నాకు సిటిజన్‌షిప్‌కి ఇంకో రెండేళ్ళు పట్టేలా ఉంది" అన్నాడు. వాడు ఉండేది కెనడాలోని విండ్సర్‌లో. ఉద్యోగం నదికి అవతల, అమెరికాలోని డెట్రాయిట్‌లో. పొద్దున్నే కారులో వంతెన దాటి వెళ్తాడు, సాయంత్రానికి ఇల్లు చేరతాడు. ఆఫీసుకు వెళ్ళిన ప్రతి రోజునీ కెనడాలో లేని రోజుగా కొట్టేసుకుంటూ వచ్చాడట. లెక్క చూస్తే నాకు నవ్వొచ్చింది. వాడికి రోజులు ఎప్పుడో నిండిపోయాయి.

వాడి స్నేహితుడు ఒకతను ఉన్నాడు, గాజువాక అబ్బాయి. అతనిది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. ఇల్లు, భార్య, పిల్లల బడి, కారు, ట్యాక్సు అన్నీ విండ్సర్‌లోనే. పని మాత్రం చికాగోలో, వారమంతా అక్కడే గది తీసుకుని ఉంటాడు. "కాపురం కెనడాలోనే కదా, నాకేం టెన్షన్" అన్నది అతని ధీమా. టెన్షన్ పడాల్సింది అతనే.

మీరో, మీ పిల్లలో ఇలా ఒక దేశంలో ఉంటూ పక్క దేశంలో పని చేస్తుంటే ఈ లెక్క ఎలా వేసుకోవాలో చెప్తాను. నేనూ కొన్నేళ్ళు ఆ వంతెన మీద తిరిగినవాణ్ణే. ఒకసారి లెక్క తప్పి దెబ్బ తిన్నాను కూడా. అదీ చెప్తాను.

ముందు నియమం తెలుసుకోండి

మీరు దరఖాస్తు మీద సంతకం పెట్టే తేదీకి వెనకాల ఉన్న అయిదేళ్ళలో కనీసం 1,095 రోజులు మీరు మనిషిగా కెనడా నేల మీద ఉండాలి. అప్పటికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) వచ్చి ఉండాలి. లెక్కకు వచ్చేది మీ కాళ్ళు ఎక్కడున్నాయన్నదే. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది, పిల్లలు ఎక్కడ చదువుతున్నారు అన్నవి ఈ లెక్కలోకి రావు.

పాతకాలంలో వెళ్ళిన పెద్దవాళ్ళు "బంధాలన్నీ కెనడాలో ఉన్నాయని చూపిస్తే సరిపోతుంది" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. 2015కు ముందు చట్టంలో "నివాసం" అనే మాటకు గట్టి నిర్వచనం లేదు, కొందరు జడ్జీలు అలా ఒప్పుకునేవారు. 2015 జూన్ 11 నుంచి మనిషి ఉన్న రోజులే లెక్క అయ్యాయి. అప్పుడు ఆరేళ్ళలో 1,460 రోజులు అడిగారు. 2017 అక్టోబర్ 11 నుంచి అది అయిదేళ్ళలో 1,095కు తగ్గింది. కాబట్టి సలహా ఇచ్చే అంకుల్ ఏ సంవత్సరంలో సిటిజన్ అయ్యారో ముందు అడగండి.

ఇక మా మేనల్లుడిని గట్టెక్కించిన నియమం: రోజులో కొంతసేపు కెనడాలో ఉన్నా అది పూర్తి రోజు కిందే లెక్క. బయల్దేరిన రోజు మీదే, తిరిగొచ్చిన రోజూ మీదే. మధ్యలో పూర్తిగా బయట గడిచిన రోజులే పోతాయి. పొద్దున ఏడింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చేవాడికి పోయేది సున్నా. నైట్ షిఫ్టువాళ్ళు కూడా భయపడక్కర్లేదు. సోమవారం సాయంత్రం వెళ్ళి మంగళవారం పొద్దున వస్తే సోమవారం, మంగళవారం రెండూ మీ ఖాతాలోనే.

మీరు ఏ రకమో తేల్చుకోండి

అయిదేళ్ళంటే 1,826 రోజులు అనుకోండి. అందులో 1,095 తీసేస్తే మిగిలేది 731. అంటే అయిదేళ్ళలో మీరు బయట ఉండగలిగేది 731 రోజులు. రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు ఈ మొత్తాన్నీ విశాఖ ప్రయాణాలకు వాడుకోవచ్చు. సంవత్సరానికి 146 రోజులు! అంత సెలవు ఏ కంపెనీ ఇస్తుంది కనుక.

వారానికోసారి ఇంటికొచ్చేవాళ్ళ సంగతే జాగ్రత్తగా చూడాలి. ఆ గాజువాక అబ్బాయితో కూర్చుని కాగితం మీద వేసిన లెక్క ఇది. ఏడాదికి 48 వారాలు పని అనుకున్నాం.

ఆదివారం సాయంత్రం బయల్దేరి శుక్రవారం రాత్రి ఇంటికొస్తే వారానికి నాలుగు రోజులు పోతాయి: సోమ, మంగళ, బుధ, గురు. ఏడాదికి 192, అయిదేళ్ళకు 960. విశాఖ మొహం చూడకపోయినా రోజులు నిండవు.

అదే సోమవారం తెల్లవారుజామున బయల్దేరితే పోయేవి మూడు రోజులే. ఏడాదికి 144, అయిదేళ్ళకు 720. గట్టెక్కుతారు కానీ మిగిలేది 11 రోజులు. అయిదేళ్ళకు కలిపి 11 రోజులంటే ఒక్క సంక్రాంతికి కూడా సరిగ్గా చాలదు.

సోమవారం పొద్దున వెళ్ళి గురువారం రాత్రికి వచ్చేసి, శుక్రవారం ఇంటి నుంచి పని చేసుకునేలా మేనేజర్‌ని ఒప్పించగలిగితే వారానికి రెండు రోజులే పోతాయి. అయిదేళ్ళకు 480. మీ చేతిలో ఇంకా 251 రోజులుంటాయి, ఏడాదికి యాభై రోజుల చొప్పున.

ఆదివారం రాత్రి చపాతీలు కట్టుకుని బయల్దేరడానికీ, సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి లేవడానికీ మధ్య అయిదేళ్ళలో 240 రోజుల తేడా ఉంది. ఈ మాట చెప్పేదాకా అతను ఆ రెంటినీ ఒకటే అనుకున్నాడు. జీతం పెంచమని అడిగే ముందు ఆ శుక్రవారం అడగమన్నాను.

పీఆర్‌కు ముందు రోజుల్ని కలుపుకోండి

స్టడీ పర్మిట్ మీదో, వర్క్ పర్మిట్ మీదో కెనడాలో ఉన్న రోజులు ఒక్కోటి అర రోజుగా కలుస్తాయి, గరిష్ఠంగా 365 దాకా. అంటే రెండేళ్ళు అక్కడ ఎమ్మెస్ చదివితే ఒక ఏడాది వచ్చినట్టు. కాకపోతే ఆ చదువు రోజులు పైన చెప్పిన అయిదేళ్ళ లోపల పడాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఇంకొన్నాళ్ళు ఆగితే ఇంకాస్త మిగులు ఉంటుంది కదా" అని ఆగుతారు. ఆ అయిదేళ్ళు ఒక చోట నిలబడి ఉండేవి కావు, రోజుకో రోజు ముందుకు జరుగుతూ ఉంటాయి. మీరు ఆగిన ప్రతి రోజూ వెనక నుంచి ఒక పాత రోజు జారిపోతుంది. జారిపోయేది కెనడాలో గడిపిన రోజై, కొత్తగా చేరేది చికాగోలో గడిపిన రోజైతే ఆగినకొద్దీ మీ లెక్క తగ్గుతుంది. అందుకని ఈ రోజు తేదీకి ఒకసారి, ఆరు నెలల తర్వాత తేదీకి ఒకసారి లెక్క వేసి చూడండి.

రోజువారీ షీట్ ఒకటి పెట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, అందరూ వాయిదా వేసేదీ ఇదే. ఎక్సెల్‌లో నాలుగు గళ్ళు చాలు: తేదీ, కెనడా దాటిన టైము, తిరిగొచ్చిన టైము, ఎక్కడ దాటారు. అంబాసిడర్ బ్రిడ్జా, టన్నెలా అన్నది కూడా రాయండి. అయిదేళ్ళ తర్వాత గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే అయ్యే పని కాదు. ఇంట్లో పాలవాడి లెక్క క్యాలెండర్ మీద రాస్తాం చూడండి, అంత నిష్ఠగా ఏ రోజుది ఆ రోజు రాయాలి.

మీరు రాయకపోయినా ప్రభుత్వాలు రాసుకుంటున్నాయి. మీరు అమెరికాలోకి అడుగుపెట్టిన నమోదే కెనడాకు మీరు బయటికెళ్ళిన నమోదుగా చేరుతుంది. రోడ్డు సరిహద్దుల్లో 2019 నుంచి, విమానాలకు 2020 నుంచి ఇది అందరికీ అమలవుతోంది. దరఖాస్తు చూసే అధికారి ఆ చిట్టా తెప్పించుకుని మీ షీట్ పక్కన పెట్టి చూస్తాడు. కాబట్టి మీరే ముందుగా కెనడా సరిహద్దు సంస్థ సీబీఎస్‌ఏ దగ్గర మీ ప్రయాణ చరిత్ర కాపీ అడిగి తెచ్చుకోండి. అమెరికావైపు ఐ-94 వెబ్‌సైట్‌లో కూడా మీ రాకపోకలు కనిపిస్తాయి. అయితే రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళ చరిత్రలో అక్కడ ఖాళీలు ఉంటాయి, దాని మీదే ఆధారపడకండి.

వీటికి తోడు టోల్ రసీదులు, కెనడావైపు పెట్రోలు కొట్టించిన బిల్లులు, కార్డు స్టేట్‌మెంట్లు, ఇంటి అద్దె కాగితాలు ఒక ఫోల్డర్‌లో పడేస్తూ ఉండండి. అధికారికి అనుమానం వస్తే వేరే ప్రశ్నపత్రం పంపి ఇవన్నీ అడుగుతాడు. అప్పుడు వెతుక్కునేకంటే ఇప్పుడు దాచుకోవడం నయం.

విశాఖ ప్రయాణాల తేదీలు: నేను దెబ్బ తిన్నది ఇక్కడే

నేను మొదటిసారి వేసినప్పుడు లెక్కలో మూడు రోజులు మిగులు చూపించింది. భలే అనుకుని పంపేశాను. వాళ్ళ లెక్కలో మూడు రోజులు తక్కువ తేలింది. తప్పు పూర్తిగా నాదే.

ఏం చేశానంటే, ప్రయాణ తేదీల కోసం పాస్‌పోర్టులోని ఇండియా స్టాంపులు చూసి రాసుకున్నాను. డిసెంబర్ 10 రాత్రి టొరంటోలో విమానం ఎక్కితే, మధ్యలో ఒకచోట మారి, హైదరాబాద్‌లో ఇమిగ్రేషన్ స్టాంపు పడేసరికి డిసెంబర్ 12 తెల్లవారుజాము. విశాఖ విమానం ఎక్కేది ఆ తర్వాత. నేను 12న కెనడా వదిలినట్టు రాశాను. నిజానికి వదిలింది 10న. 11, 12 రెండు రోజులూ నేను ఊరికే కలిపేసుకున్నాను. అలాంటివి మూడు ప్రయాణాలు, మొత్తం ఆరు రోజులు. మూడు మిగులు కాస్తా మూడు తక్కువైంది. ప్రాసెసింగ్ ఫీజూ పోయింది, నెలల కాలమూ పోయింది. మా నాన్నగారైతే "లెక్కల్లో నూటికి తొంభై అయిదు తెచ్చుకున్నవాడివి" అని ఇప్పటికీ దెప్పుతారు.

కాబట్టి రాయాల్సింది కెనడా వదిలిన తేదీ, కెనడాలో మళ్ళీ అడుగుపెట్టిన తేదీ. ఇండియా స్టాంపులతో పని లేదు. బోర్డింగ్ పాసులు, టికెట్ మెయిళ్ళు చూసి రాయండి.

విండ్సర్‌వాళ్ళకు ఇంకో మెలిక ఉంది. చాలామంది టొరంటో దాకా వెళ్ళకుండా దగ్గర్లోని డెట్రాయిట్ ఎయిర్‌పోర్టు నుంచే ఎగురుతారు. అప్పుడు మీరు కెనడా వదిలినది విమానం ఎక్కినప్పుడు కాదు, కారు టన్నెల్ దాటినప్పుడు. తిరిగొచ్చేటప్పుడు కూడా అంతే. అర్ధరాత్రి దిగి, అలసిపోయి, డెట్రాయిట్ పక్కన స్నేహితుడింట్లో పడుకుని, మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరితే, మీరు కెనడా వచ్చిన తేదీ ఆ మర్నాడే.

ఇంకా ఒక మాట. విశాఖలో అమ్మానాన్నల దగ్గర కూర్చుని ల్యాప్‌టాప్‌లో కెనడా కంపెనీకి పని చేసిన రోజులు పౌరసత్వానికి లెక్కకు రావు. పీఆర్ నిలుపుకోవడానికి అయిదేళ్ళలో 730 రోజుల నియమం వేరే ఉంది. అందులో కెనడా కంపెనీ విదేశానికి పంపిన రోజులకూ, సిటిజన్ అయిన భార్య లేక భర్త వెంట విదేశంలో ఉన్న రోజులకూ మినహాయింపులున్నాయి. జనం ఆ రెంటినీ కలిపేసుకుని ఇక్కడ మోసపోతారు. పౌరసత్వం దగ్గర అలాంటి వెసులుబాటు దాదాపుగా ప్రభుత్వ, సైనిక ఉద్యోగాల మీద విదేశాలకు వెళ్ళినవాళ్ళకూ, వాళ్ళ కుటుంబాలకే.

ట్యాక్సు కాగితాలు

అయిదేళ్ళలో కనీసం మూడేళ్ళు, వేయాల్సిన బాధ్యత ఉన్నంతవరకు, కెనడా ట్యాక్సు రిటర్న్ వేసి ఉండాలి. అమెరికాలో జీతం వస్తున్నా కెనడాలో కాపురం ఉన్నవాళ్ళు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా కెనడాకు చూపించాలి. అమెరికాలో కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోవచ్చు. రెండువైపులా చేయించే అకౌంటెంటును పట్టుకోండి, ఇది మనకు మనం చేసుకునే పని కాదు.

ఇందులో తమాషా ఒకటుంది. కెనడా ఇంటి నుంచి క్రమం తప్పకుండా వెళ్ళి పనిచేసి వచ్చే రోజుల్ని అమెరికా ట్యాక్సు శాఖ, అక్కడి నివాసిగా లెక్కించే రోజుల్లోంచి తీసేస్తుంది. అంటే ఒకే మంగళవారాన్ని కెనడా "మా దగ్గర ఉన్నాడు" అంటుంది, అమెరికా "మా దగ్గర లేడు" అంటుంది. ఇద్దరూ మీకు మేలు చేస్తున్నవారే. ఇంకొకటి, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పూర్తిగా అమెరికా బయట గడిపిన రోజుల్ని తమ ఆరేళ్ళ గడువుకు తిరిగి కలిపించుకోవచ్చు. విండ్సర్‌లో గడిపిన శని, ఆదివారాలన్నమాట. మీ షీట్ అక్కడా పనికొస్తుంది. మనవాళ్ళు చాలామంది ఇంత ఆత్రంగా కెనడా పౌరసత్వం కోసం చూసేదీ ఈ హెచ్1బీ వదిలించుకోవడానికే. కెనడా సిటిజన్‌కు దొరికే టీఎన్ అనే అమెరికా పని అనుమతి పీఆర్ కార్డుకు దొరకదు.

దరఖాస్తు నింపేటప్పుడు

ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్‌లో బయటికెళ్ళిన ప్రయాణాలన్నీ వేయండి. అదే రోజు తిరిగొచ్చినవి కూడా దాచకండి, వాటికి పోయేది సున్నా రోజులే కనుక నష్టమేమీ లేదు. రోజూ తిరిగే మనిషికి అయిదేళ్ళకు వెయ్యికి పైగా వరసలు అవుతాయి. అవన్నీ ఇమడనప్పుడు మీ ఎక్సెల్ షీట్‌ను జతచేసి, పైన ఒక పేజీ ఉత్తరం పెట్టండి: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, ఫలానా ఊళ్ళో పని, వారానికి ఇన్ని రోజులు, అదే రోజు తిరిగి రావడం. దాంతోపాటు పని వేళలు రాసిన కంపెనీ ఉత్తరం. అధికారి దృష్టిలో మీరు దాచని మనిషిగా కనిపించాలి. తెలిసి తప్పు చెప్పినట్టు తేలితే అయిదేళ్ళదాకా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోనివ్వరు.

సరిగ్గా 1,095కు పంపకండి. నా మాట విని కనీసం ఒక నెల మిగులు చూసుకోండి.

18 నుంచి 54 ఏళ్ళ మధ్యవాళ్ళకు భాష రుజువు, పరీక్ష ఉంటాయి. భాష రుజువుకు మళ్ళీ ఐఈఎల్‌టీఎస్ రాయాల్సిన పని లేదు. ఇంగ్లిష్ మీడియంలో చదివినట్టు తెలిసే డిగ్రీ కాగితం కూడా చెల్లుతుంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివినవాళ్ళు బోధన భాష ఇంగ్లిష్ అని రాసిన కాగితం ఈసారి విశాఖ వచ్చినప్పుడు తీసుకెళ్ళండి, అక్కడి నుంచి తెప్పించుకోవడం కన్నా మీరే వెళ్ళి తీసుకోవడం తేలిక. పరీక్షలో 20 ప్రశ్నలకు 15 రావాలి. పుస్తకం ఉచితంగా దొరుకుతుంది, రెండు వారాలు చదివితే చాలు.

దరఖాస్తు పంపాక రోజుల లెక్క ఆగిపోతుంది, కానీ పీఆర్ 730 రోజుల నియమం ఆగదు. ప్రమాణం చేసేటప్పుడు కెనడాలోనే ఉండాలి, ఆన్‌లైన్‌లో అయినా సరే. ఆ కబురు వచ్చేసరికి మీరు ఆర్‌కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ ఉండకూడదు.

ప్రమాణం అయ్యాక విశాఖ టికెట్

భారత చట్టం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం కెనడా పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత ఇండియా పాస్‌పోర్టు మీద ప్రయాణం చేస్తే జరిమానా పడొచ్చు. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్ళకు ఇచ్చే కార్డు) పెట్టుకోవాలి.

ఈ మధ్యలో మీ చేతిలో కెనడా పాస్‌పోర్టు ఉండదు, ఓసీఐ ఉండదు. అందుకని ప్రమాణం తేదీ దగ్గర పడుతుంటే విశాఖలో పెళ్ళికో, గృహప్రవేశానికో వస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. ముందు కెనడా పాస్‌పోర్టు రానివ్వండి, ఓసీఐ ఆలస్యమైతే వీసా తీసుకుని రావచ్చు.

పొలం కొనే ఆలోచన ఉంటే ఒక సంగతి తెలుసుకోండి. ఓసీఐ ఉన్నవాళ్ళే కాదు, విదేశంలో ఉంటున్న భారత పౌరులు కూడా ఫ్లాటు, ఇల్లు కొనుక్కోవచ్చు కానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. తాతల నుంచి వారసత్వంగా వచ్చేదానికి ఇబ్బంది లేదు. మా మేనల్లుడు ఆనందపురం వైపు ఎకరం మామిడితోట చూసి పెట్టుకున్నాడు. సిటిజన్ అయ్యాకే ఆ ఇబ్బంది అనుకుని, ఆ బేరం తెగేదాకా దరఖాస్తు ఆపమని అక్క, ఆపొద్దని బావ. వాడు మాత్రం డైనింగ్ టేబుల్ మీద పాత టికెట్లన్నీ పరిచి కెనడా వదిలిన తేదీలు రాసుకుంటున్నాడు.